గోడకు రెండడుగులు

ఎల్ ఆల్తోలో, మినీబస్సులు కేకలేసే కూడలికి పైన
మూడో అంతస్తులో మా గది.
కింద బంగాళాదుంపల మూటలు, పైన మేం:
ఒక కెమెరా, దాని నెత్తిన ఫ్లాషు,
మా యజమానురాలు నెమేసియా చోకెవాంకా,
నేను.

నా పని దుప్పటి పట్టుకోవడం.
నవ్వకండి. తెల్లదుప్పటి, ప్రతి ఆదివారం ఉతికేది.
ఫ్లాషు నేరుగా కొడితే
వెలుగు చెంపదెబ్బలా తగులుతుంది,
వెనక గోడ మీద ఇంకో మనిషి లేస్తాడు
నల్లగా, పెద్ద చెవులతో, పిలవని చుట్టంలా.
"వాడు మనకి డబ్బులివ్వలేదుగా," అంటుంది నెమేసియా,
"వాణ్నెందుకు తీయాలి?"

మా కప్పు రేకుది. వెలుగును పైకి విసిరితే
తుప్పురంగు మోసుకుని దిగుతుంది,
జనం కామెర్లొచ్చినట్టు పడతారు.
అందుకే దుప్పటి.
ఆవిడ ఫ్లాషు మెడ తిప్పి నా చేతుల్లోకి వెలుగు పారేస్తుంది,
నేను దాన్ని మెత్తజేసి ముఖానికి అందిస్తాను
వేడన్నం ఊది పెట్టినట్టు.

గుండ్రటి టోపీల ఆడవాళ్లొస్తారు.
తీయమంటే తీయరు, అంచు కింద నుదురంతా అమావాస్య.
వాళ్ల ఒళ్లో తెల్ల పింగాణీ పళ్లెం పెడతాం,
కింద నుంచి చిటికెడు వెలుగు ఎగిరి కళ్లల్లో పడుతుంది.
పళ్లెం ఫొటోలోకి వచ్చిందో, నా జీతంలోంచి పోయిందన్నమాట.

మొన్న మంగళవారం సతుర్నీనో వచ్చాడు,
జేబురుమాల్లో మూడు ఫొటోలు చుట్టుకుని.
పింఛను ఆఫీసువాళ్లు మూడూ తిప్పి పంపారు.
ఒకదాంట్లో తల వెనక నీడ, ఒకదాంట్లో చెవి పక్కన,
మూడోదాని మీద ఎర్రసిరాతో ఒకటే మాట: మళ్లీ.

"గోడకు రెండడుగులు ముందుకు రండి," అంది నెమేసియా.
వచ్చాడు.
ఆవిడ కెమెరాలోకి తలొంచగానే
వెనక్కి జరిగి గోడకానుకున్నాడు.
మళ్లీ పిలిచింది. మళ్లీ జరిగాడు.
నాలుగోసారికి ముసలాయన గొంతు పెగిలింది:

"ముప్ఫయ్యొక్కేళ్లు తగరం గనిలో చేశానమ్మా.
పైన రాయి కదిలిన చప్పుడైతే
వీపు గోడకానించినవాడే మిగిలేవాడు.
దీపాలు మా నెత్తిన ఉండేవి. మనుషులు సరిగ్గా ఆనరు,
నీడల్ని లెక్కపెట్టుకునేవాళ్లం.
ఏడు నీడలుంటే ఏడుగురం.
ఒకరోజు ఐదున్నాయి."

కింద ఎవడో బస్సు ఊరి పేరు అరుస్తున్నాడు, ఆపకుండా.

నెమేసియా వాదించలేదు.
నా చేతిలో దుప్పటి లాక్కుని ఎదురుగా తాడు మీద ఎత్తుగా ఆరేసింది.
"నువ్వెళ్లి ఆయన వెనక కూచో," అంది,
"అరచెయ్యి వీపు మీద పెట్టు. గోడవి నువ్వే ఇవాళ."
నేలమీద గొంతుకూచుని పెట్టాను.
గరుకు ఉన్ని స్వెటరు. దాని లోపల
ఊపిరి, పాత రైలింజను ఎగువకెక్కుతున్నట్టు.
ఆయన బరువు కొంచెంకొంచెంగా నా చేతిమీదికి వచ్చింది.

ఫ్లాషు మెరిసింది.
ఆయన నీడ గోడదాకా వెళ్లలేదు.
మెత్తగా కిందికి జారి
నా తలమీద, భుజాలమీద పడింది.
చట్రంలో నేను లేను, అదీ లేదు.
శుభ్రమైన ముఖం ఒక్కటే, తెల్లటి వెనుకతో,
ఆఫీసువాళ్లు కోరినట్టే.

డబ్బులిస్తూ ఆగాడు.
"ఇంకోటి తీస్తారా? నాకోసం. గోడ దగ్గర."
నెమేసియా నావైపు చూసింది, ఫ్లాషు వైపు చూసింది,
దాని మెడ తిన్నగా తిప్పింది.
టప్పున కొట్టింది, ఏ అడ్డూ లేకుండా.

తెరమీద చూపిస్తే చాలాసేపు చూశాడు.
వేలితో తనని తాకాడు, తర్వాత తన పక్కన నల్లగా నిలబడ్డవాణ్ని.
"ఇద్దరు," అన్నాడు.

ఆ రెండోదానికి ఆవిడ డబ్బులు తీసుకోలేదు.
కారణం నేనడగలేదు.
మెట్లమీద ఆయన చెయ్యి గోడను రాసుకుంటూ దిగుతున్న చప్పుడు
కింది అరుపుల్లో కలిసేదాకా వినబడింది.
"దుప్పటి తియ్యి," అంది నెమేసియా, "టోపీవాళ్లొస్తున్నారు."